పల్లె లెక్కలు వ్రాసిన పెద్దలు



మా ఆనందపురమును మీలో కొందరు చూచియే యుందురు. విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు పోవు రహదారిమీది ఊరు. తెల్లవారకమునుపే ఇచట పూలబజారు మొదలగును. చామంతి, బంతి, లిల్లీ, కనకాంబరము బుట్టలతోను మూటలతోను చుట్టుప్రక్కల పల్లెలనుండి రైతులు దిగుదురు. ప్రొద్దెక్కునప్పటికి బేరములు ముగిసి పూలు పట్టణపు దారి పట్టును. ఇటీవల ఇచటినుండి పెందుర్తిమీదుగా అనకాపల్లి వరకు ఆరు వరుసల రహదారి కూడ పడినది. భూముల వెల ఎట్లు పెరిగినదో చెప్పనక్కరలేదు. ఎకరముల లెక్కన మాటలాడిన నోళ్లే నేడు గజముల లెక్కన మాటలాడుచున్నవి. ఊరు పెరిగినదని అందరు అనుచున్నారు, నేనును కాదనను. అయితే ఊరిలో ఎవరెవరు పెరిగిరి, ఎంతెంత పెరిగిరి అను ప్రశ్న వేరు. ఆ రెండవ ప్రశ్నను జీవితమంతయు పట్టుకొని, దానికి జవాబు వెదకుచు పల్లెలు తిరిగిన కొందరు తెలుగునాటి విద్వాంసుల చరిత్రను నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ప్రభుత్వపత్రములలో ఇప్పుడు 'సమ్మిళిత అభివృద్ధి' అను మాట తరచుగా కనబడుచున్నది. 2007లో మొదలైన పదునొకండవ పంచవర్షప్రణాళిక దానినే తన ధ్యేయముగా ప్రకటించుకొన్నది. మాట కొత్తది గాని భావము మనకు కొత్తది కాదు. వడ్డించువాడు మనవాడైన కడపంక్తిలో కూర్చున్నను ఒకటే యని మనవారు సామెత చెప్పుదురు. వడ్డించువాడు తనవాడు కాని మనిషి కడపంక్తిలో కూర్చున్నప్పుడు వాని విస్తరిలో ఏమి పడినది? వంట ఎంత వండిరో చెప్పువారు చాలమంది యుందురు. కడపంక్తి విస్తరి చూచి వచ్చి చెప్పువారు తక్కువ. ఆ పనికై ప్రత్యేకముగా ఏర్పడిన సంస్థలు కొన్ని కలవు. వీనిని ఆలోచనామండలు లందురు. ఇవి కార్యాలయముల వలె ఆజ్ఞలు జారీచేయవు, పార్టీల వలె ఓట్లడుగవు. విషయమును విచారించి, లెక్కవేసి, ప్రభుత్వమునకును ప్రజలకును చెప్పుట వీని పని. తెలుగుదేశమున అట్టి వానిలో పేరుగన్నది హైదరాబాదునందలి ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము. పొడి అక్షరములతో 'సెస్' అని వ్యవహరింతురు. అది 1980లో స్థాపింపబడినది. కాని దాని కథ 1980లో మొదలు కాలేదు. కొంత వెనుకకు పోవలయును.

పల్లెలెక్క యనగా మనకు జ్ఞప్తికి వచ్చువాడు కరణము. 1984లో ఆ పదవి పోవువరకు అడంగలు, చిట్టా ఆయన చేతిలోనివే. తరతరములుగా ఆ లెక్కలెంత శ్రద్ధగా వ్రాయబడెనో మీరెరుగుదురు. ఏ మడిలో ఏమి వేసిరి, శిస్తు ఎంత, బాకీ ఎంత, సమస్తమును అందుండెడిది. అయితే ఆ లెక్క సర్కారునకు రావలసినది తెలియుటకే పుట్టినది. పండినదానిలో కూలివానికెంత ముట్టెను, అప్పులవాడెంత పట్టుకుపోయెను, ఇంట మిగిలినదెంత యను గళ్లు అందు లేవు. సర్కారు అడుగలేదు, కరణము వ్రాయలేదు.

ఆ గళ్లతో పల్లెలెక్క వ్రాయించిన తొలివారిలో ఒకరు గిల్బర్ట్ స్లేటరను ఆంగ్లేయుడు. మద్రాసు విశ్వవిద్యాలయమున భారతార్థశాస్త్రమునకు ఆయనయే మొదటి ఆచార్యుడు. 1916లో ఆయన తన విద్యార్థులచేతికి ఒక ప్రశ్నావళి యిచ్చి, మీ మీ గ్రామములకు పోయి ఇంటింట అడిగి వ్రాసికొని రండని పంపెను. 1918లో అది గ్రంథముగా వెలువడెను. తరువాత థామస్, రామకృష్ణన్ అను పండితులు ఆ గ్రామములనే మరల విచారించి 1940లో ఫలితములు ప్రకటించిరి. నాకు స్లేటరు ప్రశ్నలకంటె ఆయన ఎన్నుకొన్న మనుష్యులు ముఖ్యముగా తోచుచున్నారు. ఊరి పిల్లవాడే ఊరి లెక్క వ్రాసెను. పరాయివానికి చెప్పని మాట ఆ పిల్లవానితో చెప్పుదురు గదా!

మనవారిలో ఆచార్య ఎన్. జి. రంగాగారు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించుచు, కృష్ణా గోదావరీ డెల్టాపల్లెల ఆర్థికస్థితిపై గ్రంథములు వ్రాసిరి. 1930ల దశకమున నిడుబ్రోలులో రైతువిద్యాలయము పెట్టి రైతు కార్యకర్తలకు తరగతులు నడిపిరి. ఆ రోజులలోనే టంగుటూరి ప్రకాశముగారు రాజాజీ మంత్రివర్గమున రెవిన్యూ మంత్రిగా నుండి, జమీందారీ గ్రామములను విచారించు సంఘమునకు అధ్యక్షత వహించి, ఊరూర రైతుల సాక్ష్యములు తీసికొనిరి. 1938లో వచ్చిన ఆ నివేదిక భూమి రైతుదే యనియు, శిస్తు 1802 నాటి శాశ్వత పైసలాకాలపు మట్టమునకు దిగవలయుననియు చెప్పెను. మన విశాఖ ప్రాంతమున ఎక్కువ భాగము జమీందారీయే గనుక ఇచటి పాతతరమువారికి ఆ సంఘము మాట గట్టిగా తగిలెను. మంత్రివర్గము 1939లో దిగిపోవుటచే నాడు చట్టము రాలేదు. 1948లో జమీందారీల రద్దుచట్టము వచ్చిన పిమ్మటనే ఆ కోరిక కొంత నెరవేరెను.

చట్టము వచ్చినది. దానివలన ఎవరికేమి వచ్చినది? ఈ ప్రశ్న వేసినది మన ఊరికి బస్సులో గంట ప్రయాణముననున్న వాల్తేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యులై, 1949 నుండి 1961 వరకు వైస్ ఛాన్సలరుగా ఉండిన డాక్టరు వి. ఎస్. కృష్ణగారిని మీలో పెద్దవయస్సువారు వినియుందురు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు ఆయన పేరే కలదు. ఆ విభాగమునందే ఆచార్య బి. సర్వేశ్వరరావుగారు జమీందారీల రద్దు ఆంధ్రమున కలిగించిన ఆర్థిక సామాజిక ఫలితములను విచారించిరి. దొర పోయిన తరువాత ఆ స్థానమున ఎవరు కూర్చుండిరన్నది అట్టి విచారణకు తప్పని ప్రశ్న. పట్టా గల రైతుకు మేలు జరిగినదన్నది స్పష్టము. పట్టాలేక, మరియొకరి పేరున దున్నుకొను వాని సంగతి అంత స్పష్టము కాదు.

ఆ రెండవవానిని పట్టుకొన్నవారు ఆచార్య జి. పార్థసారథిగారు. వాల్తేరులో చాలకాలము బోధించిన ఈయనను నేను ఈ కథలో ముఖ్యులలో నొకరినిగా భావింతును. 1956లో ఆంధ్రప్రాంతమునకు కౌలుచట్టము వచ్చెను. కౌలునకు హద్దు పెట్టెను, కౌలుదారునకు రక్షణ యిచ్చెను. పార్థసారథిగారు ప్రసాదరావుగారితో కలసి ఆ చట్టములు పల్లెలో ఎట్లు నడచుచున్నవో విచారించి 1969లో గ్రంథము ప్రకటించిరి. వారు చూచినదేమనగా, చట్టము కాగితముమీద నున్నది, కౌలుమాత్రము నోటిమాటమీద నడచుచున్నది. చట్టమునకు భయపడి భూస్వాములు కౌలును కాగితమునుండియే తుడిచివేసిరి. మునుపు కాగితముమీద కొంతయైనను కనబడిన కౌలుదారు చట్టము పుణ్యమా యని బొత్తిగా కనబడకుండ పోయెను. మేలు చేయదలచిన చట్టము మేలు పొందవలసినవానినే దాచివేసిన విచిత్రమును ఇంత వివరముగా చూపినవారు ఆ రోజులలో అరుదు. 1998లో వరంగల్లు పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమును కలచివేసినప్పుడు, వృద్ధాప్యమునను పార్థసారథిగారు సహపరిశోధకులతో కలసి ఆ కుటుంబముల స్థితిని విచారించి వ్రాసిరి.

ఇక హైదరాబాదు సంగతి. 'సెస్' స్థాపకులలో ముఖ్యులు ఇద్దరిని చెప్పవలయును. ఒకరు బి. పి. ఆర్. విఠల్‌గారు, ఐ.ఏ.ఎస్. అధికారి, ఆంధ్రప్రదేశ్ ఆర్థికశాఖను చాలకాలము నడిపి, పిమ్మట పదవ ఆర్థికసంఘములో సభ్యులైరి. ఖజానా తాళము చేతబట్టినవాడు, తన లెక్కను తప్పుపట్టగల సంస్థను తానే నిలబెట్టుట సామాన్యవిషయము కాదని నా అభిప్రాయము. రెండవవారు చెన్నమనేని హనుమంతరావుగారు. సంస్థకు మొదటి సంచాలకులుగా పనిచేసినవారు ఆచార్య వహీదుద్దీన్ ఖాన్‌గారు. ఆయన పేరుమీద సంస్థలో స్మారకోపన్యాసములు జరుగుచుండును. 1986లో భారత సామాజికశాస్త్ర పరిశోధనామండలి దీనిని తన సంస్థలలో చేర్చుకొనెను.

సంస్థ వెలసిన చోటు కూడ వినదగినది. బేగంపేటలో నిజామియా నక్షత్రశాల యని యొకటి యుండెను. 1901 ప్రాంతమున నవాబు జఫర్ జంగు వేడుకగా మొదలుపెట్టినది, ఆయన అనంతరము నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినది. ప్రపంచములోని నక్షత్రశాలలు పలు కలసి ఆకాశమును పంచుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాలు నక్షత్రములను లెక్కించు మహాకార్యములో ఈ శాలయు పాల్గొని లక్షల నక్షత్రముల స్థానములను గుర్తించెను. ఆ ఆవరణలోనే నేడు పల్లెల లెక్కలు వ్రాయువారు కూర్చుండి యున్నారు. నక్షత్రములకు ఒక సుగుణము కలదు: అవి లెక్కించువానికి అబద్ధము చెప్పవు.

హనుమంతరావుగారు 1929లో కరీంనగరు జిల్లాలో జన్మించిరి. ఢిల్లీలో ఆర్థికాభివృద్ధి సంస్థయందు పరిశోధించి, 1976 నుండి 1980 వరకు దానికి సంచాలకులైరి. 1982 నుండి 1986 వరకు ప్రణాళికాసంఘ సభ్యులు. 2004లో పద్మభూషణ బిరుదు వచ్చెను. కాని వారి పదవులకంటె వారి ఆలోచన మనకు దగ్గరిది. హరితవిప్లవము వచ్చి పంట పెరిగెనని దేశమంతయు సంతోషించుచున్న రోజులలో, 1975లో, ఆయన ఒక గ్రంథము ప్రకటించిరి. వ్యవసాయములో వచ్చిన కొత్త పద్ధతులు, వానివలన కలిగిన లాభముల పంపకము, ఇవి దాని విషయములు. అందలి ముఖ్యమైన విచక్షణను నా మాటలలో చెప్పెదను.

కొత్త విత్తనము, ఎరువు ఒక జాతి. అవి పదిసెంట్ల మడిలోను పని చేయును, పదెకరముల మడిలోను పని చేయును. పైరు ఒత్తుగా పెరిగిన కొలది కలుపు పెరుగును, కోత పెరుగును, నూర్పు పెరుగును. కూలికి పని దొరకును. ట్రాక్టరు మొదలగు యంత్రములు మరియొక జాతి. అవి పెద్ద కమతమునకు అనుకూలములు, కూలిపనిని తగ్గించును. కనుక 'కొత్తవ్యవసాయము మంచిదా చెడ్డదా' అని గంపగుత్తగా అడుగుట తప్పు. ఏది కొత్త, అది ఎవరి చేతికి వచ్చినది అని విడదీసి యడుగవలయును. విత్తనము పేదకు ధనికునకు ఒక్కటియే యైనను, దానికి నీరు కావలయును, చేతిలో సొమ్ము కావలయును, ఒక పంట పోయినను తట్టుకొను శక్తి కావలయును. ఇవి అందరికిని లేవు. కాబట్టియే నీరున్న ప్రాంతములు ముందుకు పోయినవి, మెట్టప్రాంతములు వెనుకబడినవి. ఈ చివరి మాట ఉత్తరాంధ్రమున గరువు భూములు దున్నిన మనకు ఎవరో చెప్పవలసిన పని లేదు. అయినను ఢిల్లీలో చెప్పువాడొకడు ఉండుట అవసరమైనది.

మెట్టరైతును ఆయన మరువలేదు. కరువు ప్రాంతముల పథకములు కోట్లు మ్రింగి ఫలితమీయకుండుట చూచి కేంద్రప్రభుత్వము ఒక సంఘమును వేసినప్పుడు దానికి ఆయనయే అధ్యక్షులు. 1994లో వచ్చిన నివేదిక చెప్పినది రైతుబిడ్డకు అర్థమగు మాటయే: వానచినుకు పడినచోటనే దానిని నిలుపుడు, సుమారు 500 హెక్టార్ల నీటిపరీవాహక ప్రాంతమును ఒక్కటిగా తీసికొనుడు, పనిని ఊరివారి సంఘమునకే యప్పగింపుడు, భూమి లేనివారి సంఘములనుగూడ అందు చేర్పుడు. 1995 ఏప్రిల్ నుండి దేశమంతట ఆ పద్ధతి అమలునకు వచ్చెను. దానికి పదేండ్లు ముందే, 1984లో, జిల్లా ప్రణాళికలపై వచ్చిన నివేదికయు ఆయనదే. జిల్లాకు పని యప్పగించినచో అధికారము, ధనము కూడ అప్పగింపవలయునని అందు చెప్పిరి. పని యప్పగించి ధనమును దగ్గర పెట్టుకొను అలవాటు మన ప్రభుత్వములకు నేటికిని పోలేదు.

ఆచార్య ఆర్. రాధాకృష్ణగారు 'సెస్'కు సంచాలకులుగా నుండి, పిమ్మట మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా వచ్చిరి. ఆహారము, పేదరికము ఆయన విషయములు. 1983లో రెండు రూపాయల కిలోబియ్యము వచ్చిన నాటినుండి మన రాష్ట్రమున బియ్యపు లెక్క రాజకీయపు లెక్కయే యైనది. ఆయన తోటివారితో కలసి చౌకదుకాణముల వ్యవస్థను విచారించి 1997లో గ్రంథము ప్రకటించిరి. బియ్యమిచ్చుట మంచిదన్నవారును, దండుగయన్నవారును తమ తమ కేకలు వేయుచుండగా, ఈ పండితులు పేదయింటికి చేరినదెంత, చేర్చుటకు వ్యయమైనదెంత యని రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి.

కాని రాధాకృష్ణగారి పేరు రైతునోట నిలువవలసినది అప్పుల నివేదికచేత. 2003లో కేంద్రప్రభుత్వపు సర్వేలో దేశమందలి రైతుకుటుంబములలో నూటికి 48.6 అప్పులలో నున్నవని తేలగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 అని తేలెను. దేశములో అన్నిటికంటె మనదే పైచేయి! పదేండ్లకు, 2013లో, మరల చూడగా రాష్ట్రము రెండైన తరువాతి హద్దులలో ఆంధ్రమున 92.9, తెలంగాణమున 89.1. 2019లో చూడగా 93.2, 91.7. దేశపు సగటు ఈ రెండు సార్లును సగము దగ్గరనే నిలిచినది. అప్పు ఉన్నంతమాత్రమున రైతు చెడిపోయెనని చెప్పరాదు. మంచిపంట వేయువాడును అప్పు తెచ్చును. ఎవరివద్ద తెచ్చెను, ఏ వడ్డీకి తెచ్చెను అన్నదే ప్రశ్న. రాధాకృష్ణగారి అధ్యక్షతన వేసిన నిపుణులసంఘము 2007లో ఈ ప్రశ్ననే పట్టుకొని, చిన్నరైతును కౌలురైతును బ్యాంకు గడప ఎక్కింపవలయుననియు, వడ్డీవ్యాపారి బాకీ తీర్చుకొనుటకు బ్యాంకులే దీర్ఘకాలపు అప్పు ఈయవలయుననియు చెప్పెను. మరుసటి యేడు, 2008లో, వచ్చినది ఋణమాఫీ. అది బ్యాంకుల, సహకారసంఘముల బాకీలకే వర్తించెను. బ్యాంకు గడప ఎక్కినవాని బాకీ పోయెను. ఎక్కలేనివాడు, అనగా వడ్డీవ్యాపారి చేతిలో చిక్కినవాడు, చిక్కియే యుండెను. మాఫీవలన బాగుపడినవారిని నేనెరుగుదును, వారి సంతోషమును తగ్గించుట నా యభిమతము కాదు. అయినను నివేదిక ఒక దిక్కు చూపగా సొమ్ము మరియొక దిక్కునకు పోయెనని చెప్పక తప్పదు.

ఇచట నేను కన్నదానిని చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఒక సర్వేకు ఇద్దరు యువకులు మా ప్రాంతపు పల్లెలకు వచ్చిరి. ఏ సంస్థవారో ఇప్పుడు చెప్పనక్కరలేదు. ఒక అరుగుమీద కూర్చుండి వచ్చినవారిని వచ్చినట్లు అడిగి వ్రాసికొనుచుండిరి. చామంతి తోట చేయు ఒక మనిషి వంతు వచ్చెను. భూమి ఎవరిదని అడిగిరి. ఆ భూమి కామందు అదే అరుగుమీద, రెండు మూరల దూరమున, చుట్ట కాల్చుకొనుచు కూర్చుండియుండెను. ఈ మనిషి ఒకసారి అటు చూచి, "బాబుగారిదేనండి, నేను పనికి వెళ్తుంటాను" అనెను. యువకుడు 'కూలి' అని వ్రాసికొనెను. విత్తనము ఆ మనిషిది, ఎరువు ఆ మనిషిది, అప్పు ఆ మనిషిది; కాగితములో ఆయన కూలివాడు. కామందు దుర్మార్గుడేమియు కాదు, ఊరిలో మంచివాడనియే పేరు. కౌలు అని కాగితమెక్కిన పిమ్మట భూమి దక్కదేమో యను తాతలనాటి భయము ఆయనకు కలదు. ఆయన భయము, ఈయన మొగమాటము కలసి ఒక అసత్యమైన అంకెను సృష్టించినవి.

ఆ యువకులలో చిన్నవాడు గడుసువాడు. సాయంకాలము తోట గట్టుమీదికి ఒంటరిగా పోయి, పూలబుట్ట ఎత్తుటకు చేయి వేసి, మాటలలో మాటగా కౌలు ఎంత యని అడిగెను. అప్పుడు లెక్క తిరిగి వ్రాసికొనెను. స్లేటరు తన విద్యార్థులను వారి వారి ఊళ్లకే ఎందుకు పంపెనో నాకు ఆనాడు బోధపడెను.

అడంగలులో 'అనుభవదారు' అను గడి యొకటి యున్నది. దున్నువాని పేరు వ్రాయుటకే అది పుట్టినది. అందు పట్టాదారు పేరే మరల వ్రాయుట మన యూళ్లలో ఆచారమైనది. ఆ గడిని నిజము చేయుటకు ఎన్ని ప్రయత్నములు జరిగెనో చూడుడు. 2004లో జయతీ ఘోష్‌గారి అధ్యక్షతన రైతుసంక్షేమసంఘమును రాష్ట్రప్రభుత్వము వేసెను. 2006లో కోనేరు రంగారావుగారి భూసంఘము నివేదిక యిచ్చెను. 2011లో కౌలుదారులకు ఋణార్హతకార్డు లిచ్చు చట్టము వచ్చెను. దానికి భూస్వామి సంతకము అక్కరలేదు, కాని అతనికి కోపము వచ్చునేమో యను భయమున చాలమంది కార్డు అడుగనేలేదు. తీసికొనిపోయినవానికి కూడ బ్యాంకువారు సులభముగా అప్పు ఈయలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానమున పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. పదునొకొండు నెలలకు పత్రము, భూస్వామి సంతకముతో. సంతకము వలదన్నప్పుడు కౌలుదారు భయపడెను. సంతకము కావలయునన్నప్పుడు భూస్వామి భయపడుచున్నాడు. పార్థసారథిగారు 1969లో చూపిన ముడి ఇంకను విడలేదు. ఈ ముడి విప్పుట చట్టసభలకంటె మీవంటి గ్రామపెద్దల చేతిలో ఎక్కువగా నున్నదని నేననుకొనుచున్నాను. కామందును, కౌలుదారును ఒక్క అరుగుమీద కూర్చుండబెట్టగలవారు మీరే గదా.

'సెస్' పెద్దలలో 'సమ్మిళిత' అను మాటనే గ్రంథనామమున పెట్టినవారు ఆచార్య ఎస్. మహేంద్రదేవ్‌గారు. 1999 నుండి 2008 వరకు సంచాలకులుగా నుండిరి. వ్యవసాయము, పేదరికము, మానవాభివృద్ధి అను మూడింటిని కలిపి సమ్మిళిత అభివృద్ధిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 2008లో వెలువడెను. ఆయన కాలముననే, 2007లో, ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదికను ఈ సంస్థ తయారుచేసెను. దానివలన జిల్లాలను ఆదాయముచేత మాత్రమే కాక చదువుచేత, ఆరోగ్యముచేత కూడ పోల్చి చూచుట వీలైనది. తరువాత ఆయన పంటల మద్దతుధరలను సూచించు కమిషనుకు అధ్యక్షులైరి, 2025లో ప్రధానమంత్రి ఆర్థిక సలహామండలికి అధ్యక్షులుగా నియమింపబడిరి. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధిహామీ పథకము ప్రారంభమైనప్పటినుండి దాని మంచిచెడ్డలను గూర్చి మన పండితులు చేసిన పరిశోధనలు ఇన్ని అన్ని కావు.

ఇంతగా పొగడితిని గనుక ఒక కొరత కూడ చెప్పెదను. వీరి గ్రంథములలో ఎక్కువ భాగము ఇంగ్లీషులో నున్నవి. ఊరివారు నోరు విప్పి తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషు పట్టికయై ఢిల్లీకి పోవును. ఆ ఊరికి తిరిగి రాదు. మా లెక్కలో ఏమి తేలినదని అడిగిన రైతుకు చూపుటకు నాలుగు పుటల తెలుగు కాగితము ఉండదు. లెక్క చెప్పినవానికి ఆ లెక్కమీద హక్కులేదా? స్లేటరు పిల్లలైనను సెలవులకు మరల ఊరికే వచ్చియుందురు.

మన విశాఖ విషయమునకు వత్తును. 1933లో ఓడరేవు తెరచిరి. ఉక్కుకర్మాగారముకొరకు 1966లో జరిగిన ఉద్యమమున 32 మంది ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితము. మనకు దక్షిణమున గాజువాక ప్రక్క 64 గ్రామముల భూములు దానిక్రింద పోయినవి. నిర్వాసితులకు 'ఆర్' కార్డులని ఇచ్చిరి, ఉద్యోగములలో ముందువరుస వారిదనిరి. కార్డుండియు ఉద్యోగము రానివారి మాట దశాబ్దములు గడచినను వినబడుచునే యున్నది. పట్టణము పెరిగినది, అందు సందేహము లేదు. భూమి పట్టా గలవానికి పరిహారము దొరకెను. ఆ భూమిలో కోతకు పోయిన కూలి, తాటిచెట్టెక్కిన గీతకార్మికుడు, ఊరిబట్టలుతికిన చాకలి, వీరికి పోయినది భూమి కాదు గనుక పరిహారపు పట్టికలో వీరికి గడి దొరకుట కష్టమైనది. అభివృద్ధి లెక్కలో గడి లేకపోవుట యనగా ఇదియే.

మా ఊరి పూలబజారులోను అట్టి గడియొకటి కావలసియున్నది. చీకటిలో తోటలో పూలు కోయునది స్త్రీ. బుట్టకెత్తి బజారునకు మోసుకు వచ్చునది చాలవరకు స్త్రీ. మాలలు కట్టునది స్త్రీ. పాసుపుస్తకములో పేరు మాత్రము భర్తది, లేక మామగారిది. ఇటీవలి సంవత్సరములలో 'సెస్'కు ఆచార్య ఇ. రేవతిగారు సంచాలకులుగా నుండిరి. సర్వే కాగితములో 'రైతు' అను గడికెదుట ఎవరి పేరు వ్రాయవలయునని ఒకనాడు నేను మా బజారులో బంతిపూల బుట్ట దించుకొనుచున్న ఒక పెద్దమ్మను అడిగితిని. ఆమె నావంక వింతగా చూచి, "ఎవరి పేరు రాస్తే అప్పిస్తారో ఆ పేరే రాయండి బాబూ" అని, బుట్ట కాటాపై పెట్టి, ముల్లువంక చూడసాగెను.